వెల్మా వేలి తూకం

వెల్మా కొవాచ్ చెయ్యి చిన్నది, నోరు పెద్దది. చేతికి సరిపడే పిస్తోలు దొరక్క తొమ్మిదేళ్ళుగా నోటితోనే నెట్టుకొస్తోంది.

ఆ చేతిని పోర్ట్ హార్లన్‌లో ఎవరూ చిన్నచూపు చూడరు. నలభై అడుగుల స్కూలు బస్సు స్టీరింగు తిప్పేది ఆ చెయ్యే. జనవరిలో ఈరీ సరస్సు మీంచి గాలి కోసుకొస్తుంటే, వెనక అరవైమంది పిల్లలు పెనంమీద పేలాల్లా ఎగురుతుంటే, ఒంటి చేత్తో మలుపు తిప్పి, రెండో చేతి చూపుడువేలు అద్దానికేసి ఎత్తి, "మూడో వరస, ఎర్రటోపీ, కూర్చో!" అంటుంది. ఎర్రటోపీ కూర్చుంటుంది. పక్కనున్న నీలిటోపీ కూడా ముందుజాగ్రత్తగా కూర్చుంటుంది. ఆ వేలికి ఊళ్ళో అంత పరువు.

ఫార్టీఫైవ్ పిస్తోలు ఎదుట మాత్రం ఆ వేలు పొట్టిదైపోయేది. ఆ రకం పిస్తోలు పుట్టిందే దిట్టమైన సైనికుల అరచేతుల కోసం. వెల్మా పట్టుకుంటే పిడి చుట్టూ పిడికిలి పూర్తిగా తిరగదు. వేలి కొస ట్రిగ్గర్‌ని అందీ అందనట్టు తాకుతుంది. పైగా ఇవి ఒంటి చేతి పోటీలు. రెండో చెయ్యి జేబులో పెట్టుకుని కాల్చాలి. పట్టు చాలని చోట పట్టుదల ఎంతున్నా గుండు పక్కకే పోతుంది.

హార్లన్ పిస్తోలు క్లబ్బు ఏటా జూలైలో జరిగే రాష్ట్ర పోటీకి నలుగురిని పంపుతుంది. జూన్‌లో ఎంపిక. తొమ్మిదేళ్ళుగా వెల్మా ఐదో మనిషి. ఐదో మనిషికి క్లబ్బులో అనాదిగా ఒక హోదా ఉంది. నలుగురూ పిస్తోలు పెట్టెలు మోస్తే, ఐదోవారు నలభై కప్పులు పట్టే స్టీలు కాఫీ డ్రమ్ము మోయాలి. "నలుగురి చెయ్యీ ట్రిగ్గర్ మీద, నా చెయ్యి కుళాయి మీద" అని వెల్మా పైకి నవ్వేది. ఇంటికెళ్ళాక నవ్వేది కాదు.

నాలుగో స్థానం డ్వేన్ రిట్టర్‌ది. డ్వేన్ పడవలు అమ్ముతాడు, గొప్పలు ఉచితంగా ఇస్తాడు. అతనికి ఆరు పిస్తోళ్ళు. నెలకో కొత్త పిడి, రెండు నెలలకో కొత్త ఎర్రచుక్క అద్దం. గురిచూసే ఆ అద్దంలో ఒక ఎర్రని చుక్క వెలుగుతుంది, దాన్ని నల్లటి వృత్తం మీద నిలపాలి. డ్వేన్ సాయంత్రాలు వేరే చుక్క వేసుకుంటాడు గనక పొద్దున ఈ చుక్క కాస్త ఊగుతుందని క్లబ్బులో అనుకుంటారు. ఊగినా నిరుడు వెల్మా కంటే ఒక్క పాయింటు ఎక్కువే కొట్టాడు.

అందుకని ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే వెల్మా ఓరిన్ బైట్జెల్ గరాజు తలుపు తోసింది.

ఓరిన్‌కి డెబ్బై ఆరేళ్ళు. కార్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు ఉక్కు అచ్చులు కోశాడు. రిటైరయ్యాక పిస్తోళ్ళను మనుషులకు సరిపడేట్టు సరిచేస్తున్నాడు. మనుషుల్ని పిస్తోళ్ళకు సరిపడేట్టు చేయడం తన వల్ల కాదని ముందే చెప్పేస్తాడు. ఊళ్ళో అందరికీ ఆయన మీద గురి. వాళ్ళ గురి బాగుందంటే ఆ గురి వల్లనే.

"చలి లోపలికి రాకముందే తలుపెయ్," అన్నాడు ఆకురాయి ఆపకుండా.

"నేనొచ్చాను ఓరిన్."

"అదేగా అంటున్నా."

"నాకు ఫార్టీఫైవ్ కావాలి. ఈసారి డ్వేన్‌ని కొట్టి తీరాలి."

"పిస్తోలుతో కాల్చి కొడతావా, పిస్తోలు పెట్టి కొడతావా? దాన్నిబట్టి ఇస్తాను."

ఆయన మూడు పిస్తోళ్ళు ఆకుపచ్చ గుడ్డ మీద పరిచాడు. ఒక్కొక్కటీ తెరిచి, ఖాళీగా ఉందని తను చూసి, ఆమెకు చూపించాడు. మొదటిది వెండిలా మెరుస్తోంది. రెండోది డబ్బా విప్పని కొత్త సరుకు. మూడోది నల్లరంగు వెలిసి, అంచులు తెల్లబడి, పాత పోలీసువాడి బూట్లలా ఉంది.

"మెరిసేదే," అంది వెల్మా.

"నేను అడిగానా? కళ్ళు మూసుకో. పట్టుకో. చెయ్యి చాపు. ఇప్పుడు తెరువు."

తెరిచింది. మెరిసేది పైకప్పు దీపం వైపు చూస్తోంది. కొత్తది గోడ మీది క్యాలెండరులో మార్చి నెల వైపు చూస్తోంది. మూడోది, ఆ ముసలి బూటు, నేరుగా ఎదుటి గోడలో ఓరిన్ కొట్టిన మేకు మీద నిలబడింది. మళ్ళీ మూసింది, మళ్ళీ తెరిచింది. మేకే.

"నువ్వు ఎంచుకోవడం కాదు, అది నిన్ను ఎంచుకుంది," అన్నాడు ఓరిన్.

వెల్మా దాన్ని ఊపి చూసింది. లోపల పెంకులు పోసినట్టు చప్పుడు. "ఇదేమిటి, గలగలమంటోంది?"

"నీలాగే. కాస్త బిగిస్తే నోరు మూస్తుంది."

తర్వాత ఒక గోధుమరంగు కాగితం పరిచి, వెల్మా చెయ్యిని దానిమీద బోర్లించి, పెన్సిలుతో చుట్టూ గీశాడు. ఆయన సొరుగులో అలాంటి కాగితపు చేతులు డెబ్బైకి పైగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళుగా ఆయన దగ్గర పిస్తోలు సరిచేయించుకున్న ప్రతివారి చెయ్యీ అక్కడుంది. కొందరు పోయారు, చేతులు మిగిలాయి.

"నాదే అన్నిటికంటే చిన్నదా?" అంది వెల్మా, అడగకుండా ఆగలేక.

"చిన్నదే. మాటల సైజు చూసి కాగితం పెద్దది తీశాను, వృథా అయింది."

మార్చి అంతా పిస్తోలుకు కుట్టుపని. వెనకవైపు పిడి ఉబ్బును తీసేసి చదునైనది వేశాడు. పొట్టి ట్రిగ్గర్ అమర్చాడు. వాల్‌నట్ చెక్కతో పల్చటి పిడిపలకలు చెక్కి, వెల్మాని ప్రతి శనివారం రప్పించి, పట్టుకోమని, ఎక్కడ అరచేయి తగలడం లేదో చూసి మళ్ళీ చెక్కాడు. పిడి ముందు భాగంలో జారకుండా సన్నటి గళ్ళు కోశాడు. పైన ముందువెనకలకు జారే స్లయిడునీ కింది చట్రాన్నీ ఒకదానికొకటి రుద్ది రుద్ది ఇముడ్చాడు. పైన ఒక ఎర్రచుక్క అద్దం బిగించాడు. ఏప్రిల్ చివరకు గలగల పోయింది. స్లయిడు నూనె రాసిన సొరుగులా జారుతోంది. బొటనవేలు తనంతట తాను తన చోటికి చేరుకుంటోంది. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద నిండుగా కూర్చుంది.

వెల్మా ఖాళీ పిస్తోలును మేకు మీద నిలిపి ట్రిగ్గర్ లాగింది. మొహం చిట్లించింది.

"అన్నీ బాగున్నాయి. ట్రిగ్గర్ మాత్రం బండగా ఉంది. ఈడ్చుకుంటూ, గీసుకుంటూ వస్తోంది. లంగరు లాగుతున్నట్టుంది."

"ఎంత ఉంటుందంటావు?"

"నాలుగున్నర పౌన్లు."

"తూచావా?"

"నా వేలు తూచింది. ముప్పై ఏళ్ళ సర్వీసయ్యా దానిది! పిల్లాడు బస్సు మెట్టు మీద కాలు పెడితే చాలు, ఇంట్లో బ్రెడ్డు తిన్నాడో పాన్‌కేకులు తిన్నాడో చెప్పేస్తాను."

"నియమం ఎంతో తెలుసుగా?"

"తెలీకపోవడమేమిటి, మూడున్నర. మూడున్నర పౌన్ల బరువు ట్రిగ్గర్‌కి వేలాడదీసి లేపితే పిస్తోలు వెనకాలి సుత్తి పడకూడదు. పడిందా, ఆ పిస్తోలుతో కాల్చనివ్వరు."

"మరి నాలుగున్నర ఉంటే ఎవరైనా వద్దన్నారా?"

"డ్వేన్‌ది సరిగ్గా మూడున్నర! దూదిలా ఉంటుందట."

"దూదైతే దిండు కుట్టుకోమను."

"ఓరిన్, నాకు కాఫీ డ్రమ్ము మోసి మోసి భుజం ఒక పక్కకి వాలిపోయింది. దీన్ని తేలిక చెయ్. నాకు తేలిక కావాలి."

ఓరిన్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చూస్తాను."

"చూస్తానంటే?"

"చూస్తానంటే కళ్ళతో."

మూడు వారాల తర్వాత పిస్తోలు చేతికొచ్చింది. వెల్మా మేకు మీద గురి నిలిపి వేలు మెల్లగా బిగించింది. ఏమీ కదల్లేదు, కదల్లేదు, టక్కుమంది. వాళ్ళమ్మ కోడి సూపులోకి ఎండు నూడుల్స్ విరిచేటప్పుడు అయ్యే చప్పుడది. ముందు ఈడ్పు లేదు, వెనక కుదుపు లేదు. మళ్ళీ లాగింది. పదిసార్లు లాగింది. మొహం వికసించి, అంతలోనే కాస్త ముడుచుకుంది.

"ఓరిన్! ఇది మూడున్నర కూడా లేదయ్యా. మూడుంబావు!"

"నీ వేలు చెప్పిందా?"

"చెప్పింది."

"నీ వేలు తప్పు చెప్పదు కదా."

"తూకం బల్ల దగ్గర నిలుస్తుందా మరి?"

"నిలుస్తుంది."

"నీకెలా తెలుసు?"

"చేసింది నేను."

"తూకం రాళ్ళేవి? ఒక్కసారి వేలాడదీసి చూద్దాం."

"ఆర్డిత్ పట్టుకెళ్ళింది. ఎంపిక రోజుదాకా ఇవ్వదు."

క్లబ్బు పోటీల్లో పిస్తోళ్ళు తూచే ఆర్డిత్ ఫెన్స్కీ ఇంటికి నడిచి ఐదు నిమిషాలు. వెల్మా వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి రెండు కారణాలు. మొదటిది పైకి చెప్పుకునేది: తూచి చూసుకోవడమంటే తన వేలిని తానే అనుమానించడం. రెండోది లోపల దాచుకున్నది: నిజంగానే పావు పౌను తక్కువని తేలితే, ఓరిన్ దాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ బరువెక్కిస్తాడు. దొరక్క దొరక్క దొరికిన తేలిక అది. బుధవారం సాధనలో ఆమె మూడువందలకు రెండువందల డెబ్బై తొమ్మిది కొట్టింది. తర్వాతి వారం రెండువందల ఎనభై మూడు. ఆ తర్వాత ఎనభై ఎనిమిది. జన్మలో కొట్టని స్కోరు.

"ఓరిన్ మూడున్నర మీద వెంట్రుకవాసి పెట్టాడు," అని క్లబ్బంతా చెప్పింది. "నా బల్ల దగ్గర ఎవరూ తుమ్మకండి."

వెంట్రుక పైనుందో కిందుందో మాత్రం చెప్పలేదు.

జూన్ రెండో శనివారం. బడులు మూసేశారు, బస్సు షెడ్డులో పడుకుంది. కాల్పులు జరిగే రేంజి పక్కన మొక్కజొన్న చేలు మోకాలెత్తు లేచాయి. సరస్సు గాలి జెండాను చెరుగుతోంది. వెల్మా ఆనవాయితీ ప్రకారం కాఫీ డ్రమ్ము తెచ్చి బల్ల మీద దించింది. ఆ దించడంలో ఒక తెగింపు ఉంది. పిస్తోలు తూకంలో పోతే పోనీ, క్లబ్బు బీరువాలోని డొక్కు పిస్తోలు తీసుకుని దాంతోనే కాలుస్తుంది, దాంతోనే గెలుస్తుంది. అలా అనుకునే వచ్చింది. అలా అనుకుంటూ ట్రిగ్గర్ కేసి పెట్టెలోంచి మూడుసార్లు చూసింది.

తూకం బల్ల దగ్గర ఆర్డిత్. పోస్టాఫీసు కిటికీలో ముప్పై ఒక్క ఏళ్ళు పార్సిళ్ళు తూచి రిటైరైన మనిషి. ఔన్సు దగ్గర కన్నతల్లినైనా వదలదు. ఆమె ముందు కొక్కెం ఉన్న ఇనుప కడ్డీ, దాని కింద గుండ్రటి బరువులు.

ముందు డ్వేన్. అతని పిస్తోలు పెట్టెలోంచి వస్తుంటేనే నగల దుకాణం తెరిచినట్టుంది. ఆర్డిత్ దాన్ని నిటారుగా పట్టి, ట్రిగ్గర్‌కి కొక్కెం తగిలించి, మూడున్నర పౌన్లు మెల్లగా లేపింది. టక్! సుత్తి పడిపోయింది.

"గాలి!" అన్నాడు డ్వేన్.

"గాలికి తూకం లేదు. మూడు అవకాశాలు. ఇది రెండోది."

టక్!

డ్వేన్ కాలరు బొత్తాం విప్పుకున్నాడు. మూడోసారి బరువు లేచింది, గాల్లో నిలబడింది. సుత్తి పడాలా వద్దా అని ఆలోచించి, ఆగింది.

"పాసు," అంది ఆర్డిత్. "ఇంకెప్పుడూ నా మొహం మీద అలా ఊపిరి వదలకు. పొద్దున ఉల్లిపాయలు తిన్నావు."

తర్వాత వెల్మా. పిస్తోలు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. చూపుడువేలు మాత్రం వెనకాల గాల్లో తనంతట తాను ముడుచుకుంటోంది. ఆర్డిత్ కొక్కెం తగిలించి లేపింది.

మూడున్నర పౌన్ల బరువు లేచింది. సుత్తి కదల్లేదు.

వెల్మా ఊపిరి వదిలింది. "పాసేగా? ఇచ్చెయ్!"

"ఉండు. ఇది ఎంత ఉందో?" ఆర్డిత్ కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. పార్సిలు బరువు సరిగ్గా తెలియకుండా స్టాంపు అంటించడం ఆమె జన్మలో ఎరగదు. అర పౌను బిళ్ళ జోడించింది. నాలుగు. లేచింది. సుత్తి కదల్లేదు. పావు జోడించింది. కదల్లేదు. ఇంకో పావు. నాలుగున్నర నిలబడింది. నాలుగూ ముప్పావు దగ్గర టక్కుమంది.

"నాలుగున్నర," అని అందరికీ వినబడేట్టు చదివి రాసుకుంది ఆర్డిత్. "బండ ట్రిగ్గర్."

రేంజి ఘొల్లుమంది. "వెల్మా, వెంట్రుకవాసి అన్నావు, జడ వేశాడే!" అని డ్వేన్ పొట్ట పట్టుకున్నాడు.

వెల్మా తిన్నగా చెట్టు నీడన మడతకుర్చీలో కూర్చుని వేయించిన చేప పెట్టిన శాండ్విచ్ తింటున్న ఓరిన్ దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు ఒక్క ఔన్సు కూడా తియ్యలేదు!"

"తియ్యలేదు."

"తేలిక చెయ్యమన్నానా లేదా?"

"తేలిగ్గా లేదూ?"

"నాలుగున్నర పౌన్లయ్యా!"

"మొదటిరోజు నువ్వు చెప్పిన లెక్కేగా. నీ వేలు అప్పుడు కరెక్టుగా చెప్పింది. నేను గరుకు తీశాను, బరువు తియ్యలేదు. గరుకు పోయేసరికి నీ వేలు పౌనుంబావు తగ్గించుకుని చదివింది. అది నీకూ నీ వేలికీ మధ్య వ్యవహారం. నేను మధ్యలో వేలు పెట్టను."

"చెప్పొచ్చుగా ముందే!"

"చెబితే ఎనభై ఎనిమిది కొట్టేదానివా?"

వెల్మా తన చూపుడువేలి కేసి చూసుకుంది.

"ఇప్పుడు తెలిసిపోయింది కదా, ఇప్పుడేం చెయ్యను?"

"అది నాకు తెలీదు," అన్నాడు ఓరిన్, మీసానికంటిన చేప పొడి దులుపుకుంటూ. "ఆర్డిత్ ఇంకో బిళ్ళ వేస్తుందని నేను అనుకోలేదు."

మొదటి అంకం, యాభై గజాలు, పది నిమిషాల్లో పది గుళ్ళు. వెల్మా ఆరో నంబరు చోట నిలబడింది, డ్వేన్ పక్కనే ఏడో నంబరులో. "ఎడమవైపు సిద్ధమా? కుడివైపు సిద్ధమా? లైనంతా సిద్ధం!" అని ఆర్డిత్ మైకులో అరిచింది. టార్గెట్లు తిరిగాయి.

ఎర్రచుక్క నల్ల వృత్తం మీద నిలిచింది. వేలు బిగించింది. నాలుగున్నర, అంది లోపల ఒక గొంతు. నాలుగున్నర పౌన్లు. ఒక బంగాళాదుంపల సంచి. ఒక లంగరు. ఒక డ్వేన్. నిన్నటిదాకా నూడుల్స్ పుల్లలా విరిగిన ట్రిగ్గర్ ఇవాళ కొయ్యదూలంలా నిలబడింది. బిగించి, బిగించి, విసుగొచ్చి గుంజింది. పదికి ఏడు.

రెండోది. ఈసారి గుంజకూడదని వేలికి చెప్పింది. వేలు విన్నది, మణికట్టు వినలేదు. ఎనిమిది.

డ్వేన్ అప్పటికే మూడు పదులు కొట్టి దూరదర్శినిలో టార్గెట్ మీది తన అందం తాను చూసుకుంటున్నాడు.

వెల్మా పిస్తోలును బల్ల మీద పెట్టేసింది. నిదానపు అంకంలో ఆ వెసులుబాటు ఉంది, పది నిమిషాల్లో నీ ఇష్టం. చెయ్యి దులుపుకుంది. బుర్రలో తూకం రాళ్ళు ఒకదానిమీద ఒకటి టకటకా పడుతున్నాయి. ఓరిన్ వైపు చూసింది. ఆయన శాండ్విచ్ రెండో సగం మీద తప్ప లోకం మీద ధ్యాస లేకుండా ఉన్నాడు.

అప్పుడు బస్సు గుర్తొచ్చింది. పొద్దున ఆరున్నరకు ఆరుగురు పిల్లలతో బయల్దేరుతుంది. ఏడున్నరకు అరవైమందితో బడి ముందు ఆగుతుంది. ఎక్కుతున్నకొద్దీ బండి రెండు టన్నులు బరువెక్కుతుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజైనా తన పాదం బ్రేకు మీద ఆగి, "ఎంతమందున్నారు?" అని అడిగిందా? అడిగి ఉంటే ఏదో ఒకరోజు బస్సు బడి వరండాలో ఉండేది. పాదానికి తెలియాల్సింది ఎక్కడ ఆగాలన్నది ఒక్కటే.

"మూడో వరస, నాలుగున్నర పౌన్లు," అంది వెల్మా గొంతు తగ్గించి, వేలెత్తి. "కూర్చో."

"ఏమిటీ?" అన్నాడు డ్వేన్ చెవుల మూతలు సర్దుకుంటూ.

"నీతో కాదు."

పిస్తోలు తీసింది. మిగిలిన ఎనిమిదీ నెమ్మదిగా, ఒక్కో స్టాపు దగ్గర ఆపినట్టు కాల్చింది. తొమ్మిది, పది, తొమ్మిది, పది, పది, తొమ్మిది, పది, పది. మొత్తం తొంభై రెండు. డ్వేన్ తొంభై ఆరు. నాలుగు పాయింట్ల తేడా.

లెక్క ఎలా తెలిసిందంటే, ఈ ఆటలో ఎవరి టార్గెట్ వారు లెక్కపెట్టుకోరు. పక్కవాళ్ళది పక్కవాళ్ళు లెక్కపెట్టాలి. డ్వేన్ రంధ్రాలు వెల్మా లెక్క, వెల్మా రంధ్రాలు డ్వేన్ లెక్క. స్నేహితుల్ని శత్రువులుగా, శత్రువుల్ని గుమాస్తాలుగా మార్చే పద్ధతి.

రెండో అంకం, పాతిక గజాలు, ఇరవై సెకన్లకు ఐదేసి చొప్పున రెండు విడతలు. ఇక్కడ ఆలోచనకు సందు లేదు, వెల్మాకి కావలసిందీ అదే. తొంభై ఎనిమిది. డ్వేన్ తొంభై ఏడు. తేడా మూడు.

ఆఖరిది వేగపు అంకం. పది సెకన్లు, ఐదు గుళ్ళు, రెండు విడతలు. మొదటి విడతలో డ్వేన్ నలభై ఎనిమిది, వెల్మా నలభై ఏడు. తేడా మళ్ళీ నాలుగు. మిగిలింది పది సెకన్లు.

"వెల్మా," అన్నాడు డ్వేన్ గుళ్ళ మ్యాగజైను నింపుకుంటూ, "కాఫీ వేడిగా ఉందా?"

"నువ్వు మోసేటప్పటికి చల్లారుతుందిలే."

టార్గెట్లు తిరిగాయి. వెల్మా వేలు పిల్లల్ని దించినట్టు ఒక్కొక్కదాన్నీ దించింది, ఐదూ ఒకే లయలో, తొయ్యకుండా, తొందర పెట్టకుండా. పక్కన డ్వేన్ మూడోదానికీ నాలుగోదానికీ మధ్య "అరె!" అన్నాడు. గాలికి చెయ్యి ఊగింది, చుక్క పక్కకు జారింది, దాన్ని వెనక్కి తెచ్చేలోపే దూదిలాంటి ట్రిగ్గర్ అతని కంటే ముందే నిర్ణయం తీసేసుకుంది. ఆరు.

ఇద్దరూ టార్గెట్ల దగ్గరికి నడిచారు.

డ్వేన్ విడత నలభై నాలుగు. మొత్తం రెండువందల ఎనభై ఐదు. వెల్మా రాసి సంతకం పెట్టింది.

డ్వేన్ ఆమె టార్గెట్ ముందు వంగి, జేబులోంచి భూతద్దం తీశాడు. పదిలో మూడు రంధ్రాలు, అనుమానం లేదు. తొమ్మిదిలో ఒకటి, అనుమానం లేదు. ఐదోది పది గీత దగ్గర ఉంది. గీతను తాకితే పది, వెల్మా గెలుపు. తాకకపోతే తొమ్మిది, ఇద్దరూ సమానం, నడిబొడ్డున పడిన గుళ్ళు ఎవరివెక్కువో లెక్కపెట్టాలి. అవి డ్వేన్‌వే ఎక్కువ.

వెల్మా చేతులు జేబుల్లో పెట్టుకుంది. "ఆర్డిత్‌ని పిలవనా? కొలత పుల్ల పెట్టి చూస్తుంది."

డ్వేన్ చాలాసేపు చూశాడు. భూతద్దం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గట్టిగా ముక్కు చీదాడు.

"అక్కర్లేదు. తాకింది. పది."

"సరిగ్గా చూశావా?"

"చూడు వెల్మా, పడవ ధర గురించి నేను అబద్ధమాడతాను. పడవ వేగం గురించి ఆడతాను. రంధ్రాల గురించి మాత్రం ఆడను. రంధ్రం దగ్గర అబద్ధమాడిన పడవలవాడు ఎక్కువకాలం తేలడు." రాసి, సంతకం గీకి, కాగితం ఆమె చేతిలో పెట్టాడు. రెండువందల ఎనభై ఆరు.

పది పడింది, నాలుగో స్థానం పదిలమైంది.

వెల్మా అరిచిన అరుపుకు మొక్కజొన్న చేలో పిట్టలు లేచిపోయాయి. ఆర్డిత్ మైకు ఆపేసింది, ఇక దాని అవసరం లేదు గనక. వెల్మా నేరుగా వెళ్ళి ఓరిన్ కుర్చీ ముందు నిలబడింది.

"జూలైకి ఇది నాలుగున్నరే ఉండాలి. ఒక్క ఔన్సు ముట్టుకున్నావో!"

"ముట్టుకోను."

"నా చిన్న గుళ్ళ ట్వంటీటూ పిస్తోలు కూడా తెస్తాను వచ్చేవారం. దాని ట్రిగ్గర్ కూడా గరుకుగా ఉంది."

"ఎంత ఉంటుందంటావు?"

వెల్మా నోరు తెరిచింది. చూపుడువేలు లేచింది. రెండూ అక్కడే ఒక్క క్షణం ఆగాయి. నోరు మూసుకుంది, వేలు ముడుచుకుంది.

"నువ్వే చూడు," అంది. "కళ్ళతో."

సామాన్లు సర్దుకునే వేళకు డ్వేన్ తన నగల పెట్టెను కారులో పెట్టి, వెనక్కి వచ్చి, కాఫీ డ్రమ్ము ముందు నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. సగానికి పైగా కాఫీ మిగిలి ఉంది. అతనే వంగి, రెండు చెవులూ పట్టి లేపాడు. మొహం ఎర్రబడింది, మోకాళ్ళు వంకర తిరిగాయి.

"అమ్మో! వెల్మా, ఎంత బరువుందే ఇది?"

"చెప్పను," అంది వెల్మా, పిస్తోలు పెట్టె ఊపుకుంటూ ముందు నడుస్తూ. "చెబితే ఇంకా బరువెక్కుతుంది."